సరంగుగారు ఎందాకా వెళ్ళారు

అచ్చమ్మ మొగుడికి మూడు పేర్లు.

రేషన్ కార్డులో నూకరాజు. ఆలమూరు వైపు రోమన్ కాథలిక్కుల ఆర్.సి.ఎం. చర్చి రిజిస్టరులో ఇన్నాసి. పిల్లనివ్వాలంటే ముందు మా గుడిలో జ్ఞానస్నానం పుచ్చుకోవాలని అచ్చమ్మ తండ్రి పట్టుబడితే, "పేరుదేముందండి, పిల్ల ముఖ్యం గాని" అని తలవంచి పెట్టించుకున్న పేరది. మూడోది నోవహు, జలప్రళయంలో ఓడ కట్టిన ఆయన పేరు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, చెల్లెలు రాజ్యలక్ష్మి వెంట ఊళ్ళోని ప్రొటెస్టెంటు సంఘానికి నాలుగు ఆదివారాలు వెళ్ళి, ఐదో ఆదివారం వశిష్ఠ గోదావరిలో నిలువునా మునిగి లేచాక అక్కడి పెద్దలు పెట్టిన పేరు. సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే సరంగుకి అంతకన్నా తగిన పేరు బైబిలంతా వెతికినా దొరకదని సంఘం వాళ్ళు మురిసిపోయారు.

అచ్చమ్మ మురవలేదు. "నోవహు తన ఓడలో పెళ్ళాన్ని కూడా ఎక్కించుకున్నాడండి. ఈయన నన్ను రేవులో వదిలేసి తానొక్కడే ఎక్కేసేడు" అని పంటు కోసం వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

చెప్పుకోవడానికి ఆవిడకి మనుషుల కొరత లేదు. రేవులో టిక్కెట్ల గది పక్కన తాటాకు పందిరి కింద ఆవిడ టిఫిను కొట్టు. తెల్లారేసరికి ఇడ్లీ దిగేది, ఎండ ఎక్కే వేళకి పెసరట్టు మొదలయ్యేది. అవతల ఒడ్డు నరసాపురం వెళ్ళే ఉద్యోగులు, కొబ్బరికాయల వ్యాపారులు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, పంటు వచ్చేలోగా ఒక ప్లేటు తిని వెళ్ళేవాళ్ళు. అట్టు తిరగేస్తూ ఆవిడ మాట్లాడుతుంది, వాళ్ళు తింటూ వింటారు. నోట్లో పెసరట్టు ఉన్నవాడు ఎదురు చెప్పలేడని ఆవిడ ఏనాడో కనిపెట్టింది.

మొగుడు సంఘంలో చేరాక కూడా కాపురానికి లోటు రాలేదు. ఆదివారం పొద్దున్న ఒకే గుమ్మంలోంచి ఇద్దరూ దిగి, ఆవిడ జపమాల పట్టుకుని కుడివైపు, ఆయన నల్ల బైబిలు పట్టుకుని ఎడంవైపు వెళ్ళేవారు. మధ్యాహ్నం కోడికూర దగ్గర మళ్ళీ కలుసుకునేవారు. మరియమాత పటం గోడ మీదే ఉంది. ఆయన దానికి వీపు పెట్టి కూర్చుని అన్నం తినేవాడు, అంతే.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ముప్పొద్దులా వాదన. చచ్చిపోయాక ఏమవుతుంది?

అచ్చమ్మకి చిన్నప్పుడు ఉపదేశిగారు నేర్పింది స్పష్టంగా గుర్తుంది. మరీ చెడ్డవాళ్ళు కిందికి పోతారు. మరీ మంచివాళ్ళు పైకి పోతారు. మనలాంటి వాళ్ళు ఉత్తరించు స్థలంలో ఆగుతారు. అక్కడ మిగిలిన మరకలన్నీ పోయాక మోక్షం. భూమ్మీద ఉన్నవాళ్ళు పూజలు చెప్పిస్తే, ప్రార్థనలు చేస్తే అక్కడున్న వాళ్ళకి సాయం.

"పొలాన్నించి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకొస్తాడా?" అనేది ఆవిడ.

"నా కాళ్ళు ప్రభువు ఎప్పుడో కడిగేసేడు" అనేవాడు నూకరాజు. "సిలువ మీద ప్రభువు పక్కనున్న దొంగ మాటేంటి? ఆ వేళే పరదైసుకి వెళ్ళిపోయేడు. మధ్యలో ఎక్కడా ఆపలేదు."

"ఆ దొంగ సిలువ మీద వేలాడేడు. నువ్వు పడక్కుర్చీలో వేలాడుతున్నావు."

"నాది నాన్‌స్టాపే అచ్చమ్మా."

"అమలాపురం నాన్‌స్టాపు కూడా రాజోల్లో ఆగుద్ది" అని ఆవిడ అట్లపెనం తోమడానికి వెళ్ళిపోయేది.

ఇలా వాదించుకుంటూనే ఇద్దరికీ జుట్టు నెరిసింది. నిరుడు వేసవిలో నూకరాజుకి ఆయాసం పట్టుకుంది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు డాక్టర్లు. వానలు పడేసరికి మంచం దిగలేకపోయాడు. ఒకనాడు భార్యను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట అడిగాడు.

"నేను పోయేక నోవహు పేరున పూజలూ అవీ చెప్పించకు. సంఘంలో నా పరువు పోద్ది. మాటివ్వు."

అచ్చమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"నోవహు పేరున చెప్పించనులే" అంది.

ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. గోదావరిలో ఎక్కడ ఇసుక మేట వేసిందో నీటి రంగు చూసి చెప్పగలిగిన మనిషి, పెళ్ళాం మాటలో ఎంత లోతుందో కనిపెట్టలేకపోయాడు.

వరద తగ్గుముఖం పట్టిన రోజుల్లో పోయాడు. పాస్టరు సూర్యప్రకాష్ గారు వచ్చి, పాటలు పాడించి, సంఘం వాళ్ళ స్థలంలో మట్టి చేయించారు. కాలవ గట్టు పక్కన అటు సంఘం వాళ్ళ సమాధులు, ఇటు ఆర్.సి.ఎం. వాళ్ళవి, మధ్య మోకాలెత్తు గోడ. అచ్చమ్మ ఆ గోడను ఒకసారి చూసుకుంది. ఆ తర్వాత సంఘం వాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెట్టి, నోవహుగారు ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారని నలుగురు సాక్ష్యం చెప్పి, అందరికీ బిర్యానీ పెట్టారు. ఆ బిర్యానీ అచ్చమ్మే వండింది. అంతవరకూ బాగానే నడిచింది.

అక్టోబరులో ఒక ఆదివారం రాజ్యలక్ష్మి సంఘానికి బయల్దేరేలోగా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అన్నగారి ఇంటికీ ఆవిడ ఇంటికీ గోడ ఒకటే. ఆవిడ మొగుడు మస్కట్‌లో డ్రైవరు, ఏడాదికోసారి వస్తాడు. అందుచేత ఆవిడ ప్రేమంతా, కోపమంతా అన్నావదినల మీదే ఖర్చయ్యేది. ఆర్.సి.ఎం. చర్చి మైకు గాలివాటుకి ఆ పెరట్లోకి స్పష్టంగా వినిపిస్తుంది.

"కీర్తిశేషులు ఇన్నాసిగారి ఆత్మశాంతి కొరకు, వారి భార్య అచ్చమ్మగారు ఈ దివ్యబలిపూజను సమర్పిస్తున్నారు" అంది మైకు.

రాజ్యలక్ష్మి చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

కోపం వస్తే ఆవిడ మర్యాదలోకి దిగుతుంది. మామూలుగా "వదినా, నువ్వు" అనే మనిషి, ఆ మధ్యాహ్నం కొట్టు దగ్గరికి వచ్చి "వదినగారూ" అంది. అచ్చమ్మకి అప్పుడే అర్థమైంది.

"ఇన్నాసి ఎవరండి?"

"మా ఆయన."

"మా అన్నయ్యకి మాటిచ్చేరు కదండి."

"నోవహు పేరున చెప్పించనన్నాను. చెప్పించలేదు."

"అంటే మూడు పేర్లకీ మూడు ఆత్మలనుకుంటాడా అండి దేవుడు?"

"దేవుడికి తెలుసులే. నీకు తెలియకుండా ఉంటుందని చెప్పించేను. ఆ మైకు సంగతి తట్టలేదు."

రాజ్యలక్ష్మి బల్ల మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు. "మా అన్నయ్య తిన్నగా వెళ్ళిపోయేడండి. రక్షణ పొందిన మనిషి. మీరు ఇక్కడ పూజలు చెప్పిస్తుంటే మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయేడని ఊరంతా అనుకోదా అండి? అన్నయ్యకి అవమానం కాదా?"

"నీకు అన్నయ్య. నాకు మొగుడు. ఆయనకి కడగవలసింది ఉందో లేదో చెల్లెలికి తెలుస్తుందా, పెళ్ళానికి తెలుస్తుందా?"

రాజ్యలక్ష్మి లేచి వెళ్ళిపోయింది. జవాబు పట్టుకురావడానికే వెళ్ళిందని అచ్చమ్మకి తెలుసు.

అనుకున్నట్టే మర్నాడు పొద్దున్న పాస్టరుగారి బండి వెనక కూర్చుని వచ్చింది. పాస్టరు సూర్యప్రకాష్ ముప్పై దాటిన కుర్రవాడు. ఆదివారం ప్రసంగపీఠం మీద ఉరిమినంత గట్టిగా వారం మధ్యలో మాట్లాడడు. ఆయన బండి దిగేసరికి కొట్టు బల్ల మీద అప్పటికే ఫాదర్ సతీష్ కూర్చుని ఉన్నారు. పన్ను సలుపుతోంది, నరసాపురంలో పంటి డాక్టరు దగ్గరికి బయల్దేరారు. ఒక బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది.

"ఏరా సతీషూ, ఏమైంది?" అన్నారు పాస్టరుగారు.

"జ్ఞానదంతంరా. జ్ఞానం వచ్చింది గాని దారి దొరకట్లేదు."

ఇద్దరూ రాజోలు కాలేజీలో ఇంటరు ఒకే బెంచీ మీద చదివారు. వాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టి పోట్లాట చూద్దామనుకున్న రాజ్యలక్ష్మి, వాళ్ళు బల్ల మీద ఒకరికొకరు చోటిచ్చుకోవడం చూసి నీరసపడింది. పట్టు వదల్లేదు.

"అడగండి పాస్టరుగారూ. ఫాదరుగారూ ఉన్నారు, మరీ మంచిది."

పాస్టరుగారు ప్లేటు చేతిలోకి తీసుకున్నారు. "అచ్చమ్మగారూ, మీ ప్రేమ నాకు తెలుసండి. కానీ క్రీస్తు రక్తం అన్ని పాపాల్నీ కడిగేసిందని నమ్ముతాం కదండీ. అన్నీ కడిగేశాక ఇంకా కడగడానికి ఏం మిగులుతుందండి? మళ్ళీ కడగాలంటే ఆ రక్తం చాల్లేదన్నట్టు కాదా?"

"అలా కాదురా" అన్నారు ఫాదరుగారు బుగ్గ పట్టుకుని. "చాల్లేదని ఎవరన్నారు? క్షమించేశాడు. వెళ్ళేది ఆయన దగ్గరికే, అందులో అనుమానం లేదు. చీకటి గదిలోంచి ఒక్కసారి ఎండలోకొస్తే కళ్ళు చిట్లించుకుంటాం చూడు, కళ్ళు ఆ వెలుగుకి నిలబడేదాకా అన్నమాట. ఉత్తరించు స్థలం అంటే అదే, జైలు కాదు."

"కొత్త కళ్ళు కూడా ఆయనే ఇస్తాడు కదరా."

"ఇస్తాడు. అలవాటు పడనిస్తాడు కూడా." అంటూనే ఫాదరుగారు పన్ను జివ్వుమని కళ్ళు మూసుకున్నారు. పాస్టరుగారు జాలిగా చూసి మంచినీళ్ళ గ్లాసు అందించారు.

వాదన ఇంత మెత్తగా సాగడం అచ్చమ్మకి నచ్చలేదు. "ఏం మిగులుద్దని అడిగేరు కదండి పాస్టరుగారూ. బీడీలు మిగుల్తాయండి" అంది.

"బీడీలేంటి?" అంది రాజ్యలక్ష్మి. "అన్నయ్య బాప్తిస్మం రోజునే మానేసేడు. సంఘంలో సాక్ష్యం చెప్పేడు."

"చెప్పేడు. చెప్పొచ్చి ఇంజను గదిలో కూచుని ఒకటి వెలిగించేడు."

రాజ్యలక్ష్మి పాస్టరుగారి వైపు చూసింది. పాస్టరుగారు అల్లంపచ్చడి వైపు చూశారు. ఆయన నరసాపురం వెళ్ళేది ఆ పంటు మీదే. ఆయన ముక్కు బాగానే పనిచేస్తుంది.

"సరేనండి, బీడీలు కాల్చేడనుకుందాం" అంది రాజ్యలక్ష్మి, గొంతు కొంచెం తగ్గించి. "మనసు మంచిదండి. పెద్దన్నయ్యతో అంత గొడవైనా, ఆఖరి రోజుల్లో అమలాపురం ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చేడు. అంత క్షమించిన మనిషికి ఇంకేం కడగాలండి?"

పెద్దన్నయ్యంటే ముత్యాలు. అతను సంఘానికీ రాలేదు, చర్చికీ రాలేదు. తల్లి పోయినప్పుడు గోదావరి ఒడ్డున దహనం చెయ్యాలని ముత్యాలు, మట్టి చెయ్యాలని నూకరాజు పట్టుబట్టారు. తల్లి శవం గుమ్మంలో ఉండగానే అన్నదమ్ములు మాటలు రువ్వుకున్నారు. చివరికి పెద్దవాడి మాటే నెగ్గింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ముత్యాలుకి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నూకరాజు తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కాడు. వచ్చాక, "చూసేనమ్మా, మాట్లాడుకున్నాం" అని చెల్లెలితో చెప్పాడు. తర్వాత కొద్ది రోజులకే ముత్యాలు పోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రాజ్యలక్ష్మి ఇన్నేళ్ళు నిబ్బరంగా ఉంది.

అచ్చమ్మ ఆ క్షణంలో ఇదంతా ఆలోచించలేదు. పెనం వేడి మీద ఉంది, తనూ వేడి మీదే ఉంది.

"అమలాపురం ఎవరెళ్ళేరు? రాజోల్లో దిగిపోయేడు. బస్టాండులో కూచుని, మిరపకాయ బజ్జీలు తిని, తిరుగు బస్సెక్కి ఇంటికొచ్చేసేడు."

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఈలోగా పంటు హారను వేసింది. ఫాదరుగారు లేచారు. పాస్టరుగారికి నరసాపురంలో పనేమీ లేకపోయినా, "పద, తోడొస్తాను" అని ఆయన కూడా లేచారు. రాజ్యలక్ష్మి ఎండలో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

వాదనలో అచ్చమ్మ గెలిచింది. అందులో అనుమానం లేదు. మొగుడికి కడగవలసింది ఉందని ఇద్దరు దైవసేవకుల ముందు రుజువు చేసింది. ఆ రోజంతా పెసరట్లు ఒక్కటీ సరిగా రాలేదు.

గోడకి అవతల వైపు మూడు రోజులు చప్పుడు లేదు. అచ్చమ్మ ఉండబట్టలేక చేపల పులుసు చేసి గిన్నె గోడ మీద పెట్టింది. సాయంత్రానికి గిన్నె తిరిగొచ్చింది. తోమి, తళతళలాడుతూ, ఖాళీగా. ఆ రెండిళ్ళ మధ్య ఇన్నేళ్ళలో ఏ గిన్నే ఖాళీగా తిరగలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు కరివేపాకైనా వేసి పంపేవారు. అచ్చమ్మ ఆ గిన్నెలోకి చాలాసేపు చూసింది. ఆదివారం రాజ్యలక్ష్మి సంఘానికి కూడా వెళ్ళలేదని తెలిసింది. ఒంట్లో బాలేదని కబురు పెట్టిందట.

"ఆయన్ని కడగబోయి దాని మొహాన మసి పూసేను" అని మరియమాత పటంతో చెప్పుకుంది అచ్చమ్మ.

ఆ తర్వాతి వారం ఒక మధ్యాహ్నం, రేవు ఖాళీగా ఉన్న వేళ, రాజ్యలక్ష్మి తనంత తానే కొట్టుకి వచ్చింది. చుట్టూ చూసింది. టిక్కెట్ల గదిలో మనిషి నిద్రపోతున్నాడు.

"వదినగారూ, పూజ చెప్పించాలంటే మీ ఫాదరుగారిని ఏమని అడగాలండి?"

అచ్చమ్మ పిండి రుబ్బుతున్నదల్లా గ్రైండరు ఆపేసింది. "ఎవరికి?"

"అన్నయ్యకే. పెద్దన్నయ్య మీద అంత కోపం మనసులో పెట్టుకుని పోయేడు. నాతో అబద్ధం కూడా చెప్పేడు. అలాంటివాడు తిన్నగా ఎలా వెళ్తాడండి? మీరు చెప్పిందే నిజమేమో. ఏ పేరున చెప్పించినా సరే, మైకులో మాత్రం చదవొద్దని చెప్పండి."

ముప్పై ఏళ్ళుగా మొగుడి నోటినుంచి వినాలనుకున్న మాట అది. ఇప్పుడు ఆడపడుచు నోటినుంచి వచ్చింది. కానీ ఆ మనిషి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. వారం రోజులుగా అన్నం సరిగా తిన్నట్టు లేదు. అచ్చమ్మకి ఆ గెలుపు ఏమాత్రం రుచించలేదు.

"అదేంటి రాజ్యం, అలా అంటావు. మరి ఆ దొంగ మాటేంటి? ఎన్ని ఇళ్ళు దోచేడో, ఎంతమందిని ఏడిపించేడో. ఒక్క మాట అన్నాడు, ఆ వేళే వెళ్ళిపోయేడు. మధ్యలో ఎక్కడా ఆపలేదు."

"ఆ దొంగ సిలువ మీద వేలాడేడు వదినా."

"మీ అన్నయ్య వేలాడలేదా? ఊపిరందక ఎన్ని రోజులు వేలాడేడో నువ్వు చూడలేదా? ప్రభువు రక్తం కడిగేసిందని మీ పాస్టరుగారు చెప్పేరు కదా. చాల్లేదంటావా?"

"మీ ఫాదరుగారు అలవాటు పడాలన్నారు కదా."

"ఆయనకి పన్ను నొప్పి. ఆ వేళ ఏదో అన్నారు."

ఆ సమయంలో పాస్టరుగారు గాని, ఫాదరుగారు గాని అటుగా వచ్చి ఉంటే, ఎవరి మంద ఏదో తెలియక ఇద్దరూ కంగారు పడి ఉండేవారు. అచ్చమ్మ ఎంత వాదించినా రాజ్యలక్ష్మి తల అడ్డంగానే ఊపుతోంది. చివరికి అచ్చమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఆ రోజు కోపంలో సగమే చెప్పేను. రాజోల్లో దిగి బజ్జీలు తిన్నమాట నిజం. తిని, అమలాపురం బస్సు వస్తే లేచేడంట, మెట్టు మీద కాలు పెట్టి దిగిపోయేడంట. ఇంకోటి వస్తే మళ్ళీ అంతే. ఆఖరి బస్సు దాకా అక్కడే ఉన్నాడు. 'కాళ్ళు రాలేదే' అని నాతో అన్నాడు. బావగారు పోయేక ఆయన పేరెత్తితే చాలు, ఇంజను చూసొస్తానని లేచిపోయేవాడు. రేవులో పంటు కట్టేసి ఉన్నా సరే."

రాజ్యలక్ష్మి బల్ల మీద దగ్గరికి జరిగింది.

"ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం జొరం బాగా ఎక్కువైంది. నువ్వు మందులకి వెళ్ళేవు. నేను తడిబట్ట వేస్తుంటే నా వంక చూసి 'అన్నయ్యా' అన్నాడు. ముందు అర్థం కాలేదు. 'అన్నయ్యా, వచ్చేనురా, ఆలస్యమైంది, తప్పయిపోయింది' అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒదలడే."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? 'నేను అచ్చమ్మని' అంటే మళ్ళీ రాజోలు బస్టాండుకి పోతాడు కదా. బావగారిలాగ గొంతు బొంగురు చేసి, 'వచ్చేవా, సరేలే, కూచో' అన్నాను."

రాజ్యలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుంది అచ్చమ్మ. ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. ముత్యాలు గొంతు ఎలా ఉండేదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. గోదావరికి ఈ ఒడ్డున పిలిస్తే ఆ ఒడ్డున కుక్కలు లేచేవి.

"ఏదీ, ఎలా అన్నావు?"

"ఇప్పుడు రాదే."

"ఒక్కసారి అను వదినా."

అచ్చమ్మ అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "వచ్చేవా, సరేలే, కూచో" అంది. టిక్కెట్ల గదిలో మనిషి ఉలిక్కిపడి లేచి, "ఎవరండీ?" అన్నాడు.

నవ్వులు తగ్గాక రాజ్యలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "మరి అన్నయ్య ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నా చెయ్యి వదిలేసి పడుకున్నాడు. హాయిగా పడుకున్నాడు."

"అయితే ఇక్కడే కడుక్కుని వెళ్ళేడు" అంది రాజ్యలక్ష్మి మెల్లిగా.

"చాలావరకు" అంది అచ్చమ్మ. "బీడీలు మిగిలేయి."

"వాటికి పూజ ఎందుకు వదినా, చిన్నవి."

"చిన్నవే. చిన్న పూజ చాలు."

ఆ రోజు రాజ్యలక్ష్మి కొట్టులోనే రెండు పెసరట్లు తిని వెళ్ళింది. పూజ చెప్పించాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. ఇద్దరిలో ఎవరూ మతం మార్చుకోలేదు. ఒకరి వాదన ఒకరు కాస్త వాడి చూశారు, ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేసుకున్నారు.

నవంబరు రెండో తేదీన సమాధుల పండగ వచ్చింది. ఆర్.సి.ఎం. వాళ్ళంతా ముందురోజే గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు కట్టి, కొవ్వొత్తులు సిద్ధం చేసుకున్నారు. పన్ను పీకించుకున్న ఫాదర్ సతీష్ సాయంత్రం వచ్చి ఒక్కొక్క సమాధి మీదా తీర్థం చల్లుకుంటూ నడుస్తున్నారు. అచ్చమ్మ తన అమ్మానాన్నల సమాధులు ఆలమూరు వైపే ఉండిపోయినందువల్ల, ఇక్కడ తనకంటూ ఎవరూ లేనందువల్ల, సరిహద్దు గోడ దగ్గర నిలబడి ఉంది.

"ఫాదరుగారూ, ఈ గోడ అవతల ఒక చుక్క పడితే తప్పాండి?"

ఫాదరుగారు గోడను చూశారు. "అది పాస్టరుగారి స్థలం కదండీ. నేను చల్లకూడదు." తల తిప్పి గోదావరి వైపు చూశారు. "అయితే గాలి నదివైపు నుంచి వస్తోంది. అది ఎటు తీసుకెళ్తే అటు పడుతుంది. గాలికి నేను చెప్పలేనండి." అంటూ ఆ చివరి సమాధి మీద చెయ్యి కాస్త ఎత్తుగా విసిరారు.

సంఘం వాళ్ళు సమాధుల పండగ చెయ్యరు. కానీ అన్నగారి సమాధి మీద గడ్డి పెరిగిందని, దాన్ని పీకెయ్యాలని రాజ్యలక్ష్మికి సరిగ్గా ఆ సాయంత్రమే తోచింది. గోడ అవతల కూర్చుని గడ్డి పీకుతున్న ఆవిడ మెడ మీద రెండు చుక్కలు పడ్డాయి. తుడుచుకోలేదు.

అచ్చమ్మ గోడ దాటి వచ్చి కొవ్వొత్తి పెట్టింది. అగ్గిపుల్ల గీస్తే గాలికి ఆరిపోయింది. మళ్ళీ గీసింది, మళ్ళీ ఆరింది. నాలుగో పుల్లకి రాజ్యలక్ష్మి విసుక్కుని, పక్కనున్న గొడుగు తీసి విప్పి గాలికి అడ్డం పెట్టింది. వత్తి అంటుకుంది.

"నేను ప్రార్థన చెయ్యట్లేదు వదినా. గొడుగు పట్టుకున్నాను, అంతే."

"పట్టుకో. కిందికి, ఇంకాస్త కిందికి."

అచ్చమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఈలోగా కాలవ గట్టు మీద బండి చప్పుడు దగ్గరయింది. పాస్టరు సూర్యప్రకాష్ గారు ఎవరింట్లోనో ప్రార్థన ముగించుకుని వస్తున్నారు. బండి నెమ్మది చేశారు. సమాధి, కొవ్వొత్తి, గొడుగు, దాని వెనక తన సంఘస్థురాలు, అన్నీ కనిపించాయి.

"వందనాలమ్మా రాజ్యలక్ష్మిగారూ. ఎండగా ఉందా అండి?"

పొద్దు గూకి చాలాసేపయింది. పైన మబ్బు పట్టి ఉంది.

"ఆయ్, బాగా ఉందండి" అంది రాజ్యలక్ష్మి, గొడుగు కదపకుండా.

పాస్టరుగారు ఒకసారి ఆకాశం వైపు చూసి, "జాగ్రత్తండి" అని, గేరు మార్చి వెళ్ళిపోయారు.